కంప్యూటర్లు పెట్టాక సంస్థలో పని నిజంగా పెరిగిందా? కొలవడం ఎలా, పెంచుకోవడం ఎలా

జిల్లా కేంద్రంలో ఒక మందుల హోల్‌సేల్ ఏజెన్సీ ఉందనుకోండి. అందులో పన్నెండు మంది పనిచేస్తారు, చుట్టుపక్కల మండలాల్లోని రెండు మూడు వందల మెడికల్ షాపులకు రోజూ సరుకు వెళుతుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేరు వచ్చి ఏళ్లయింది, ఆర్డర్లు వాట్సాప్‌లో వస్తున్నాయి, వసూళ్లలో చాలా భాగం యూపీఐలో పడుతోంది. అయినా రాత్రి ఎనిమిది దాటితే గానీ షట్టరు దిగదు, తప్పు సరుకు వెనక్కి వస్తూనే ఉంటుంది, నెలాఖరున స్టాకు లెక్కకూ ర్యాకులో ఉన్న సరుకుకూ పొంతన కుదరదు. ఇంత ఖర్చు పెట్టినా పని ఎందుకు తెమలడం లేదని యజమాని అడిగితే, సాఫ్ట్‌వేరు అమ్మినవారు కొత్త వెర్షన్ కొనమంటారు. అది కొనడానికి ముందు చేయవలసిన పనులను ఇక్కడ వరుసగా చెబుతున్నాను. మందుల వ్యాపారాన్నే ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది: ప్రతి వస్తువుకూ బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఎమ్మార్పీ వేరువేరుగా ఉండడం వల్ల అక్కడ సరుకును ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో సమాచారాన్నీ అంతే జాగ్రత్తగా చూసుకోవాలి. విత్తనాల డీలరైనా, స్పేర్ పార్టుల దుకాణమైనా, కళాశాల కార్యాలయమైనా ఇదే క్రమాన్ని తమ పనికి అన్వయించుకోవచ్చు.

ఈ సందేహం పాతదే. కంప్యూటర్లు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి గానీ ఉత్పాదకత లెక్కల్లో మాత్రం కనిపించడం లేదని ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1987లోనే రాశాడు. ఆయనకు నోబెల్ బహుమతి వచ్చిన సంవత్సరమూ అదే. ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1990లో దీనికి విద్యుత్తు చరిత్ర నుంచి ఒక వివరణ ఇచ్చాడు. అమెరికా కర్మాగారాల్లోకి విద్యుత్తు 1880ల నుంచే రావడం మొదలైనా, దాని వల్ల ఉత్పాదకత గట్టిగా పెరిగింది 1920లలోనే. ఆవిరి యంత్రం నడిచిన రోజుల్లో ఒకే పొడవాటి ఇరుసు కర్మాగారం అంతటా తిరుగుతూ, బెల్టుల ద్వారా అన్ని యంత్రాలనూ తిప్పేది. చాలామంది యజమానులు ఆవిరి యంత్రం స్థానంలో పెద్ద మోటారు బిగించి, ఇరుసునూ బెల్టులనూ యథాతథంగా ఉంచేశారు. యంత్రానికొక చిన్న మోటారు పెట్టి, పని సాగే వరుసను బట్టి యంత్రాలను మళ్లీ అమర్చుకున్న తర్వాతే పెట్టుబడికి తగిన ఫలితం దక్కింది. చిట్టా, ఆవర్జా పుస్తకాల స్థానంలో కంప్యూటరు పెట్టి, పని నడిచే దారిని మాత్రం పుస్తకాల నాటిదే ఉంచిన సంస్థలు మన దగ్గర తక్కువేమీ కాదు. పాత పని ఒకటి పూర్తిగా మానేసినప్పుడే సాంకేతికత ఉత్పాదకతను పెంచుతుంది. కింద చెప్పిన అడుగులన్నీ అలా మానేయదగిన పనులను పట్టుకోవడానికే.

మొదటి అడుగు: దేన్ని లెక్కపెట్టాలో తేల్చుకోండి

పెట్టిన శ్రమకు ఎంత పని జరిగిందన్నదే ఉత్పాదకత. శ్రమను పనిగంటల్లో కొలవడం సులువు. జరిగిన పనిని దేనితో కొలవాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. రోజువారీ అమ్మకాల మొత్తాన్ని కొలతగా తీసుకోవద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కలిపి చూసే అమ్మకం అంకె ఆ రోజు నుంచి కొంత పడిపోయి ఉంటుంది గానీ, గోడౌనులో మోసిన పెట్టెల సంఖ్య తగ్గలేదు. బిల్లుల సంఖ్య కూడా సరైన కొలత కాదు, ఎందుకంటే ఒక బిల్లులో మూడు ఐటమ్‌లుంటే ఇంకోదానిలో నలభై ఉంటాయి. బిల్లులోని ఒక్కో ఐటమ్ వరుసను ఒక యూనిట్‌గా తీసుకోండి. పన్నెండు మంది తొమ్మిదేసి గంటలు పనిచేస్తే 108 పనిగంటలు. ఆ రోజు 2,700 వరుసల సరుకు వెళ్లిందంటే, పనిగంటకు 25 వరుసలు పడ్డాయన్నమాట.

ఈ ఒక్క అంకె చాలదు. వేగం ఒక్కటే చూస్తే పనివారు వేగంగా తప్పులు చేస్తారు, ఆ తప్పులు రెండు రోజుల తర్వాత వెనక్కి వస్తాయి. అందువల్ల వెయ్యి వరుసలకు ఎన్ని తప్పుగా వెళ్లి తిరిగి వచ్చాయో కూడా రాసుకోండి. ఒక తప్పు స్ట్రిప్ వెనక్కి రావడమంటే ఒక ఫోను, వ్యాను కుర్రాడితో ఒక వాదన, ఒక క్రెడిట్ నోటు (బిల్లు మొత్తాన్ని తగ్గించి ఇచ్చే చీటీ), స్టాకులో ఒక తిరుగు ఎంట్రీ, మళ్లీ ఒక కొత్త బిల్లు; సరైన వరుస ఒకదానికి పట్టే శ్రమకు ఇది ఎన్నో రెట్లు.

మూడో కొలత, ఆర్డరు అందినప్పటి నుంచి సరుకు వ్యాను ఎక్కే వరకు పట్టే సమయం. దీనికోసం ప్రతి ఆర్డరుకూ గడియారం పట్టుకోనవసరం లేదు. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన ఒక చిన్న సూత్రం ఇక్కడ అక్కరకొస్తుంది: సగటున పెండింగులో ఉండే ఆర్డర్ల సంఖ్యను గంటకు బయటికి వెళ్లే ఆర్డర్ల సంఖ్యతో భాగిస్తే, ఒక్కో ఆర్డరుకు పట్టే సగటు సమయం వస్తుంది. రోజులో నాలుగైదు సార్లు లెక్కపెట్టినప్పుడు సగటున 60 ఆర్డర్లు పెండింగులో కనిపించి, గంటకు 30 వెళుతుంటే, ఒక్కో ఆర్డరు మీ దగ్గర రెండు గంటలు కూర్చుంటోందని అర్థం. ఈ మూడు అంకెలనూ కనీసం ఒక నెలపాటు ఏ మార్పూ చేయకుండా రాసిపెట్టుకోండి. తర్వాత పోల్చి చూసుకోవడానికి ఆధారం ఇదొక్కటే.

రెండో అడుగు: ఒక ఆర్డరు వెంట మొదటి నుంచి చివరి దాకా నడవండి

ఒక సాధారణమైన రోజున, ఒక సాధారణమైన ఆర్డరును ఎంచుకుని, అది చేతులు మారిన ప్రతిచోటా మీరూ నిలబడి కాగితం మీద రాసుకోండి. కుర్చీలో కూర్చుని పిలిచి అడిగితే పనివారు జరగవలసిన పద్ధతి చెబుతారు. జరిగేది చూడాలంటే వెంట నడవాల్సిందే.

ఇలాంటి ఏజెన్సీలో సాధారణంగా కనిపించేది ఇదీ. షాపు యజమాని చీటీ మీద పెన్నుతో రాసి, దాని ఫోటో వాట్సాప్‌లో పంపుతాడు. గుమస్తా ఫోనును కీబోర్డుకు ఆనించి నిలబెట్టి, అక్షరాలు కనబడక వేళ్లతో ఫోటోను పెద్దది చేసుకుంటూ, ఒక్కో పేరూ టైపు చేస్తాడు. సాఫ్ట్‌వేరు నాలుగు బ్యాచ్‌లు చూపిస్తే, పైనున్నదాన్ని నొక్కి ముందుకు పోతాడు. బిల్లు ప్రింటై గోడౌనుకు వెళుతుంది. సరుకు తీసే కుర్రాడు ర్యాకు దగ్గరికి వెళ్లి చూస్తే, చేతికందే పెట్టెలో వేరే బ్యాచ్ ఉంటుంది. బిల్లు మీది బ్యాచ్ నంబరూ సరుకు మీదిదీ ఒకటి కాకపోతే ఆ బిల్లు పనికిరాదు గనక, అతడు పెన్నుతో గుండ్రంగా చుట్టి మళ్లీ కౌంటరుకు పంపుతాడు. గుమస్తా అప్పటికి మూడో షాపు ఆర్డరులో ఉంటాడు. దాన్ని సగంలో ఆపి, పాతది సరిచేసి, మళ్లీ ప్రింటు తీస్తాడు. అదే వివరాన్ని డెలివరీ రిజిస్టరులో ఒకరు, వసూళ్ల పుస్తకంలో ఇంకొకరు చేత్తో రాస్తారు.

మీ కాగితం మీద ప్రతి మెట్టు పక్కనా రెండు గడులు గీసి, ఒకదానిలో పని జరిగిన నిమిషాలు, రెండోదానిలో ఆ ఆర్డరు ఊరికే పడి ఉన్న నిమిషాలు వేయండి. రెండో గడి మొత్తమే ఎక్కువగా తేలుతుంది. ఆపైన ఒకే వివరాన్ని ఎన్నిసార్లు రాశారో లెక్కించి, ఆ సంఖ్య చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టండి.

మూడో అడుగు: పని ఎక్కడ గుట్టపడుతోందో పట్టుకోండి

కౌంటరు గంటకు 300 వరుసల బిల్లులు చేయగలిగి, సరుకు సరిచూసే బల్ల దగ్గర గంటకు 200 వరుసలే దాటుతుంటే, కౌంటరుకు ఇంకో కంప్యూటరు కొన్నా ఒక్క పెట్టె కూడా అదనంగా వ్యాను ఎక్కదు. బల్ల ముందు గుట్ట మాత్రం పెరుగుతుంది. గుట్టపడే చోటు ఎక్కడుందో అక్కడికే డబ్బూ శ్రమా వెళ్లాలి. అది సాఫ్ట్‌వేరుతో సంబంధం లేని చోటు కావడమూ అరుదు కాదు: బల్ల ఇరుకుగా ఉండవచ్చు, బిల్లులోని ఐటమ్‌ల వరుసకూ ర్యాకుల వరుసకూ పొంతన లేక కుర్రాడు గోడౌను ఈ చివరి నుంచి ఆ చివరికి పదే పదే తిరుగుతుండవచ్చు. బిల్లును పేర్ల అక్షరక్రమంలో కాక ర్యాకు నంబరు క్రమంలో ప్రింటు చేయించడానికి చాలా సాఫ్ట్‌వేర్లలో ఒక చిన్న సెట్టింగు చాలు. కొత్తది కొనేముందు దాన్ని అడగండి.

నాలుగో అడుగు: ఐటమ్ మాస్టర్‌ను శుభ్రం చేయండి

సాఫ్ట్‌వేరులో ఉండే సరుకుల మూల జాబితానే ఐటమ్ మాస్టర్ అంటారు. దాన్ని శుభ్రం చేసే పని ఎవరికీ ఇష్టముండదు, కానీ ఫలితంలో సగం ఇక్కడే ఉంది. ఒకే మందు మూడు పేర్లతో ఎక్కి ఉంటుంది: ఒకరు పారాసెటమాల్ 650 అని, ఇంకొకరు పారాసిటమాల్ 650 టాబ్ అని, మరొకరు పీసీఎం 650 అని ఎక్కిస్తారు. కొన్న సరుకు ఒక పేరు కిందా, అమ్మిన సరుకు ఇంకో పేరు కిందా పడి, ఒకచోట లేని స్టాకు కనబడుతుంది, మరోచోట మైనస్‌లోకి పోతుంది. స్ట్రిప్‌కు పది మాత్రలా పదిహేనా అన్నది తప్పుగా ఎక్కితే ప్రతి బిల్లులోనూ ఆ తప్పు తిరిగి పుడుతుంది. సాఫ్ట్‌వేరు చూపే స్టాకును నమ్మలేకపోతే, ఆర్డరు తీసుకునేవారు ప్రతిసారీ గోడౌనులోకి కేకేసి అడుగుతారు. అలా కేకేస్తున్నంత కాలం ఆ కంప్యూటరు ఉన్నా టైపు మిషనుతో సమానమే.

ముందుగా ఎక్కువ అమ్ముడయ్యే ఐటమ్‌లను తీసుకోండి. ఒక్కోదానికి ఒకే పేరు, ప్యాకింగు, హెచ్‌ఎస్‌ఎన్ కోడు (పన్ను కోసం సరుకు రకానికి ఇచ్చే నంబరు), పన్ను రేటు, ర్యాకు నంబరు సరిచూసి, నకళ్లను ఒకదానిలో కలిపించండి. కొత్త ఐటమ్ సృష్టించే అధికారం ఒక్కరికే ఇవ్వండి. ఈ నియమం లేకపోతే ఆరు నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది. మాస్టర్ శుభ్రంగా ఉన్న ఏజెన్సీలో పన్ను రేటు మారినప్పుడు కోడు వారీగా ఒక్కసారి మారిస్తే సరిపోతుంది. లేనివారు ఐటమ్ ఐటమ్‌కూ కూర్చుని దిద్దుకోవలసి ఉంటుంది. స్టాకు లెక్కింపును ఏడాదికోసారి షట్టరు దించి చేసే జాతరలా కాకుండా, రోజుకు ఒకటి రెండు ర్యాకుల చొప్పున లెక్కపెట్టి, తేడా వస్తే కారణం అప్పుడే వెతకండి. గడువు దగ్గరపడిన బ్యాచ్ ముందుగా బిల్లులోకి వచ్చే సెట్టింగు పెట్టించి, ర్యాకులోనూ అదే బ్యాచ్ ముందు వరుసలో ఉండేలా సర్దించండి. ఈ రెండూ కలిస్తే, రెండో అడుగులో చూసిన బ్యాచ్ తగువు చాలావరకు తీరుతుంది.

ఇంకో మాట. 2023 ఆగస్టు 1 నుంచి తయారైన బ్యాచ్‌లకు, ఎంపికచేసిన 300 బ్రాండ్ల మందుల మీద బార్ కోడు గానీ క్యూఆర్ కోడు గానీ తప్పనిసరి అయింది. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ అందులోనే ఉంటాయి. వాటిని మీ సాఫ్ట్‌వేరు నేరుగా చదువుకోగలదా అని అమ్మేవారిని అడిగి, మీ గోడౌనులోని పెట్టె మీదే చేయించి చూడండి.

ఐదో అడుగు: పని దారిని మార్చి, ఆ తర్వాత సాఫ్ట్‌వేరును ఎంచుకోండి

కాగితం మీద కొత్త దారిని గీయండి. ఒకే వివరాన్ని ఒక్కసారే, అది పుట్టిన చోటే నమోదు చేయాలన్నది నియమం. ఆర్డరు పుట్టేది షాపులో గనక, అక్కడే షాపువారో మీ సేల్స్‌మనో ఫోనులోని యాప్‌లో ఎక్కిస్తే, కౌంటరులో టైపు చేసే పని మొత్తంగా పోతుంది. చీటీ ఫోటో పంపడానికే అలవాటుపడ్డ షాపులను ఒక్కరోజులో మార్చలేరు. యాప్‌లో వచ్చిన ఆర్డర్లను ఉదయం మొదటి వ్యానులో పంపుతామని చెబితే చాలామంది వాళ్లంతట వాళ్లే మారతారు.

సాఫ్ట్‌వేరు అమ్మేవారు డెమోలో చూపించే రంగు రంగుల గ్రాఫులను పక్కనబెట్టి, మీ సొంత ఆర్డర్లు ఒక ఇరవై ఇచ్చి, మీ గుమస్తా చేతనే బిల్లు చేయించి చూడండి. ఇంటర్నెట్ పోతే బిల్లింగు ఆగుతుందా, రేపు ఈ సాఫ్ట్‌వేరు వదిలేస్తే మీ డేటా మొత్తం ఎక్సెల్‌లో మీ చేతికి ఇస్తారా, ఒక్కో యూజరుకు ఏటా ఎంత కట్టాలి అన్నవి రాతపూర్వకంగా అడగండి. ఏటా 5 కోట్ల రూపాయల టర్నోవరు దాటిన వ్యాపారాలకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు) తప్పనిసరి అయింది గనక, మీరు ఆ పరిధిలో ఉంటే, బిల్లు నుంచే నేరుగా ఈ-ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు (సరుకు రవాణాలో వెంట ఉండాల్సిన పత్రం) పుట్టే ఏర్పాటు ఉండాలి. పోర్టల్ తెరిచి మళ్లీ టైపు చేయవలసి వస్తే మీరు ఒక పని తీసేసి ఇంకోటి చేర్చుకున్నట్టే. మీ సంస్థ కంపెనీగా రిజిస్టరై ఉంటే, ప్రతి ఎంట్రీలోని మార్పునూ తేదీతో సహా దాచే ఎడిట్ లాగ్ ఉన్న అకౌంటింగ్ సాఫ్ట్‌వేరునే 2023 ఏప్రిల్ 1 నుంచి వాడాలన్న నిబంధన కూడా గుర్తుంచుకోండి.

ఆరో అడుగు: పాత రిజిస్టరును మూసే తేదీని ముందే ప్రకటించండి

నా అనుభవంలో ఎక్కువ సంస్థలు ఆగిపోయేది ఇక్కడే. కొత్త పద్ధతి మొదలవుతుంది, పాత పుస్తకం కూడా నడుస్తూ ఉంటుంది, రెండు పనులూ చేస్తున్నవారు కంప్యూటరు వచ్చాక పని పెరిగిందని అంటారు. వారు అనేది అక్షరాలా నిజం. రెండింటినీ పక్కపక్కన నడపడం కొంతకాలం అవసరమే గానీ, దానికి ఒక నెల అని హద్దు పెట్టి, ఏ తేదీ సాయంత్రం డెలివరీ రిజిస్టరు బీరువాలోకి వెళుతుందో గోడ మీద రాసి పెట్టండి. ఆ నెలలో రోజూ సాయంత్రం రెండు లెక్కలనూ పోల్చి, తేడాలు ఎందుకొచ్చాయో తేల్చండి. వరుసగా పది రోజులు తేడా రాకపోతే నెల నిండేదాకా ఆగనవసరం లేదు.

గుమస్తా పుస్తకాన్ని వదలకపోవడానికి మొండితనం కారణం కాదు. రేపు సరుకు తగ్గిందని ఎవరైనా నిలదీస్తే, తన చేతిరాతతో ఉన్న ఆ పేజీయే అతనికి సాక్ష్యం. కాబట్టి ఒక్కొక్కరికీ వేరు లాగిన్ ఇచ్చి, ఎవరు ఏ ఎంట్రీ ఎప్పుడు చేశారో చూపించే నివేదికను వారికి కూడా చూడనివ్వండి. అంతకంటే ముఖ్యంగా, యజమానిగా మీరు అలవాటు మార్చుకోవాలి. "ఏదీ, పుస్తకం పట్రా" అని మీరు ఒక్కసారి అడిగితే చాలు, బీరువాలోకి వెళ్లిన పుస్తకం మర్నాడు మళ్లీ బల్ల మీదికి వస్తుంది.

ఏడో అడుగు: మిగిలిన సమయానికి ముందే పని చూపించండి

శిక్షణను హాలులో ప్రొజెక్టరు పెట్టి ఇప్పించడం కంటే, సరుకు తక్కువగా ఉండే రోజున కౌంటరు దగ్గరే, వారి సొంత ఆర్డర్ల మీద ఇప్పించడం మేలు. త్వరగా నేర్చుకున్న ఒకరిని ఎంచి, అతని మామూలు పనిలో కొంత తగ్గించి, మిగతావారు అడిగినప్పుడు చెప్పే బాధ్యత అప్పగించండి.

టైపింగు తగ్గి రోజుకు రెండు గంటలు మిగిలినా, అవి పది నిమిషాల ముక్కలుగా మిగిలితే లెక్కలో కనబడకుండా కరిగిపోతాయి. అందుకే ఆ సమయాన్ని ఒకచోటికి చేర్చి, మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకు గడువు దగ్గరపడిన సరుకును కంపెనీలకు తిప్పి పంపే పనికో, పాత బాకీల వసూలుకో కేటాయించండి. ఎవరి ఉద్యోగానికీ ముప్పు లేదన్న మాటను మీరే ముందుగా, అందరి ఎదుటా చెప్పండి. అది చెప్పకపోతే పనివారు మిగిలిన సమయాన్ని మీకు కనబడనివ్వరు. వారి స్థానంలో మీరున్నా అలాగే చేస్తారు.

వాట్సాప్ గురించి రెండు ముక్కలు: ఆర్డర్ల నంబరును సిబ్బంది గ్రూపు నంబరు నుంచి వేరు చేయండి, శుభోదయాలూ ఫార్వర్డులూ ఆర్డర్ల నంబరులోకి రాకుండా చూడండి. సరుకు సరిచూసేవారి దగ్గర పని వేళల్లో ఫోను లేకపోతే తప్పులు తగ్గుతాయి.

ఎనిమిదో అడుగు: ఆగిపోయే రోజుకు సిద్ధంగా ఉండండి

పని అంతా కంప్యూటరు మీదికి మారిన తర్వాత, అది ఆగితే పన్నెండు మందీ చేతులు ముడుచుకు కూర్చుంటారు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడిగినప్పుడు బ్రిటన్ ఆసుపత్రులతో పాటు ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. విండోస్ అప్‌డేట్లను వాయిదా వేయకండి. డేటా మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి దుకాణానికి బయట ఉండాలి, ఇంకొకటి బ్యాకప్ అయిన వెంటనే కంప్యూటరు నుంచి విడదీసి ఉంచాలి. నెలకోసారి ఆ బ్యాకప్‌ను వేరే కంప్యూటరులో తెరిచి చూడండి, ఎందుకంటే తెరిచి చూడని బ్యాకప్ ఉన్నదీ లేనిదీ అవసరం పడ్డ రోజునే తెలుస్తుంది. జీఎస్టీ చట్టం కింద లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి గనక, సాఫ్ట్‌వేరు మారినా పాత డేటా తెరుచుకునే దారి ఒకటి ఉంచుకోండి.

తొమ్మిదో అడుగు: మళ్లీ కొలవండి

మొదటి కొన్ని వారాల్లో అంకెలు దిగజారుతాయి. కంగారుపడి వెనక్కి వెళ్లవద్దు. మూడు నెలల తర్వాత మొదటి అడుగులోని మూడు కొలతలనూ మళ్లీ తీయండి. వానాకాలంలో జ్వరాల వల్ల ఆర్డర్లు పెరిగి, పనిగంటకు పడే వరుసలు వాటంతట అవే పెరుగుతాయి. కాబట్టి ఆగస్టును ఏప్రిల్‌తో కాకుండా, సాఫ్ట్‌వేరు నుంచి పాత బిల్లులు తీయించి నిరుటి ఆగస్టుతో పోల్చండి.

ఖర్చు వైపు లైసెన్సు, ఏటా కట్టే ఏఎంసీ (నిర్వహణ రుసుము), ఫోన్లు, స్కానర్లతో పాటు శిక్షణలో గడిచిన పనిగంటలను కూడా వేయండి. ఆదా వైపు, నిజంగా వేరే పనికి మళ్లిన గంటలను మాత్రమే వేయండి. ఉదాహరణకు రోజుకు ఆరు గంటల చొప్పున 300 రోజుల్లో 1,800 గంటలు మిగిలి, గంటకు జీతం ఖర్చు 80 రూపాయలైతే 1,44,000 రూపాయల ఆదా అని లెక్క తేలుతుంది. కానీ ఆ గంటల్లో సగమే వసూళ్లకో గడువు సరుకుకో వెళ్లి ఉంటే, 72,000 అనే రాయాలి. దాన్ని ఏటా అయ్యే ఖర్చుతో పోల్చి చూసుకోండి.

చివరగా, రోజూ ప్రింటయ్యే రిపోర్టులన్నింటినీ ఒక జాబితాగా రాసి, వారానికి ఒకటి చొప్పున ఎవరికీ చెప్పకుండా ఆపండి. ఏ రిపోర్టు గురించి వారం దాటినా ఎవరూ అడగరో దాన్ని, దానికోసం పనివారు నింపుతున్న గళ్లతో సహా, సాఫ్ట్‌వేరు నుంచి తీయించేయండి.